ఎండిన కాలువలో కౌబాయ్‌లు

వేసవిలో కాలువలు కట్టేశారంటే మా కూచిపూడి పిల్లలకి ఎడారి వచ్చేసేది. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు ఆపిన కొన్నాళ్లకి మా ఊరి కాలువ మడుగులు మడుగులుగా విడిపోయేది. మడుగుల్లో చేపలు అయిపోయి, బురద ఎండి పలకలుగా లేచాక ఇక అది మాది. గట్టున తాడిచెట్లు, అవతల కోతలైపోయిన మాగాణి, దాని వెనక పామర్రు నుంచి చల్లపల్లి పోయే రోడ్డు. తాటిమట్టలు మా గుర్రాలు. దీపావళికి కొని దాచుకున్న రీలు తుపాకులు మా పిస్తోళ్లు. అవి లేనివాళ్లకి చూపుడువేలు ఎలాగూ ఉంది.

ఇది 1972, 73 నాటి మాట. ‘మోసగాళ్లకు మోసగాడు’ 1971 ఆగస్టులో విడుదలైంది. పట్నాల్లో ఆడినన్నాళ్లు ఆడి, ప్రింటు గీతలు పడి, అక్కడక్కడ తెగి, అప్పుడు మావైపు హాళ్లకి వచ్చింది. రెండు రీళ్ల మధ్య కథ ఎగిరిపోతే మేమే అతికించుకునేవాళ్లం. కృష్ణది ఏటికవతల తెనాలి పక్కన బుర్రిపాలెం, అంచేత సగం మావాడే. కె.యస్.ఆర్.దాస్ డైరెక్షను, వి.యస్.ఆర్.స్వామి కెమెరా. రాజస్థాన్ ఇసుకలో పద్మాలయా వాళ్లు పరిగెత్తించిన ఆ గుర్రాలు, నెత్తిన ఆ టోపీలు, నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం నవ్వు... వరికుప్పలు తప్ప మరో కొండ చూడని డెల్టా పిల్లలకి మతిపోవడానికి అంతకన్నా ఏం కావాలి?

అగ్రహారంలోని నా స్నేహితులు ఆ సినిమా మీద వేరే హక్కు చెప్పేవారు. కథ, మాటలు రాసిన ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. భాగవతులవారంటే కూచిపూడిలో ఉన్న ఇంటిపేరే. కాబట్టి కౌబాయ్ పుట్టింది మా అగ్రహారంలోనేనని తీర్మానం. ఆయనది విశాఖపట్నంరా అని మాస్టారు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. సంగీతం దగ్గర మాత్రం వాళ్ల వాదనకి కాస్త పస ఉంది. సంగీతం ఆదినారాయణరావు గారిది. మా ఊరి వేదాంతం రాఘవయ్య గారు డైరెక్ట్ చేసిన ‘సువర్ణసుందరి’కి 1957లో పాటలు కట్టిందీ ఆయనే. అన్ని రాగాలు తెలిసినాయన చివరికి తుపాకుల మధ్య కూడా వాయించాడని మా డ్రాయింగు మాస్టారు తెగ బాధపడేవారు. మాకు బాధేమీ లేదు.

అయితే ఆ సినిమాలో నీతి కోసం వెతికితే దొరికేది తక్కువ. పేరులోనే ఉందిగా. నిధి కోసం హీరో, నాగన్న ఒకరినొకరు ముంచుకుంటూ పోతారు. అమెరికా పాత సినిమాల్లో కౌబాయ్ అలాంటివాడు కాదని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. జీన్ ఆట్రీ అనే పాటల కౌబాయ్ 1940లలో తనని అభిమానించే పిల్లల కోసం పది సూత్రాల పట్టిక పెట్టాడు. ముందుగా కాల్చకూడదు. తనకన్నా చిన్నవాణ్ణి కొట్టకూడదు. ఇచ్చిన మాట తప్పకూడదు. పసివాళ్లతో, ముసలివాళ్లతో, పశువులతో మెత్తగా ఉండాలి. ఇంకా ఇలాంటివే. తరవాత సెర్జియో లియోనీ అనే డైరెక్టరు ఇటలీలో కూచుని ఆ మంచిబాలుడికి గడ్డం మాపి, నోట్లో చుట్ట పెట్టి, డబ్బు ఆశ నేర్పాడు. మా కృష్ణ ఈ రెండో బళ్లో చదువుకున్న కౌబాయ్. ఆట్రీ పేరు మేం వినలేదు, ఆయన పది సూత్రాలు మా దాకా రాలేదు.

మరి ఎండిన కాలువలో మా ఆటకి అంత కఠినమైన నియమాలు ఎక్కణ్ణించి వచ్చాయి? వెనకనుంచి కాల్చకూడదు. చెప్పకుండా కాల్చకూడదు. రీలు అయిపోయినవాణ్ణి కాల్చకూడదు, మార్చుకునేదాకా ఆగాలి. చచ్చినవాడు పది లెక్కపెట్టేదాకా లేవకూడదు. అన్నిటికన్నా పెద్దది, పశువులు దాటుతుంటే ఎక్కడి ఆట అక్కడ ఆగిపోవాలి. ఈ నియమం తప్పినవాణ్ణి ఆట నుంచే తీసేసేవాళ్లం.

ఆ చివరిది మందతాత పెట్టింది. మా బజారు గేదెలన్నిటినీ కలిపి మేపుకు తోలేవాడాయన. గేదెకింతని ఏటికి ధాన్యం కొలిచేవాళ్లు. పేరేమిటో మాకు తెలీదు, ఊరందరికీ మందతాతే. వానాకాలం గోనెసంచి మూల మడిచి నెత్తిన వేసుకునేవాడు, ఎండాకాలం అదే సంచి భుజాన. చేతికర్ర ఎప్పుడూ మెడ వెనక అడ్డంగా ఉండేది, రెండు చేతులూ దాని మీద. ఆ కర్ర గేదె వీపు మీద పడగా నేను చూడలేదు. నాలికతో చేసే ఓ చప్పుడు, కూతల్లో రెండు రకాలు, అంతే. కాలవ దాటేటప్పుడు మందంతా దిగాక, ఆఖరి గేదె తోక పట్టుకుని దిగేవాడు.

ఓ మధ్యాహ్నం మేం కాల్పుల్లో మునిగి ఉండగా మంద కాలవలోకి దిగింది. రీలు చప్పుళ్లకి బెదిరి ఓ చూడి గేదె గట్టెక్కి పరిగెత్తింది. మేమంతా తాళ్ల వెనక నక్కాం. ఆయన కేకలేమీ వెయ్యలేదు. గేదెని నెమ్మదిగా మళ్లేసి, తట్టి, నిలబెట్టి, అప్పుడు మావైపు తిరిగాడు.

“అది వట్టి మనిషి కాదు బాబూ, కడుపుతో ఉంది. అది దాటేదాకా మీ యుద్ధం ఆపుకోండి. మీ యుద్ధానికి నేనెప్పుడన్నా అడ్డం వచ్చానా?”

గేదెని మనిషి అన్నాడని మేం తరవాత నవ్వుకున్నాం. ఆయన నవ్వులాటకి అనలేదు.

మా డెల్టాలో పశువుకి గడ్డుకాలం వేసవి కాదు, సంక్రాంతి రోజులు. వరి కోతకి రాకముందే నిలువుచేలో మినుములు చల్లేస్తారు. కోశాక నేలలో మిగిలిన తడితోనే, మంచుతోనే ఆ పైరు లేస్తుంది. చూడ్డానికి చేలన్నీ ఖాళీగా, పచ్చగా, మేతకి రమ్మన్నట్టుంటాయి, కాలు పెట్టడానికి మాత్రం వీల్లేదు. మంద పుంతల వెంట, గట్ల వెంట మెడలు సాచుకుంటూ పోవాలి. కాపరి పనితనం తెలిసేది అప్పుడే. చేలో పడ్డ గొడ్డుని రైతు తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టించవచ్చు. తెల్లదొరలు 1871లో చేసిన చట్టం అది. రుసుము కట్టి విడిపించుకోవాలి. రుసుముకన్నా నామోషీ పెద్దది.

ఒకసారి మా మినపచేలోనే గేదె పడింది. మేం ఎవరం చూడలేదు. దీపాలు పెట్టే వేళకి మందతాత వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు.

“మీ చేలో గొడ్డు పడిందండి. ఓ మంచం మేర తినేసింది. పొద్దున్నే చూసుకుంటారని చెప్పడానికొచ్చా.”

నాన్న వక్క నములుతూ, “ఎవరి గొడ్డు?” అన్నారు.

“నేను కాసే గొడ్డేనండి.”

“అదేలేవయ్యా. ఎవరిదీ అని.”

“పొద్దున్న తోలింది మొదలు సాయంత్రం కట్టేసిందాకా అన్నీ నావేనండి.”

నాన్న ఇంకో రెండుసార్లు అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగారు. నాన్నకి ఊళ్లో ఒకరిద్దరితో పాత తగాదాలున్నాయి, ఆ పేర్లలో ఒకటి వస్తుందని ఆశేమో. మందతాత చేతులు కట్టుకుని నిలబడ్డాడుగానీ పేరు చెప్పలేదు. “సరే, నూర్పిళ్లప్పుడు చూద్దాంలే” అని నాన్న లోపలికి వెళ్లిపోయారు. మినుము నూర్పిడి రోజు తెల్లారేసరికి ఆయన కళ్లంలో ఉన్నాడు, ఎవరూ కబురు పెట్టలేదు. రోజల్లా పనిచేశాడు, కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అమ్మ అన్నం పెడితే తిని, ఆకు తీసి పారేసి, సాయంత్రం మంద తోలుకొచ్చే వేళకి వెళ్లిపోయాడు. ఆ పూట మందని మనవడు తోలాడు. వాడు నా ఈడువాడు. చేలో పడిన గేదె ఎవరిదో వాడు నాకు కాలవగట్టు మీద చెప్పాడు. మాదే. కొమ్ము విరిగిన మా పాడిగేదె.

ఈ సంగతి నేను నాన్నకి చెప్పలేదు. వాడు చెప్పొద్దన్నాడు, నేను సరేనన్నాను. మా ఆటలో మాట ఇస్తే ఇచ్చినట్టే.

చెప్పి కాల్చాలనే నియమం వెనక మాత్రం మందతాత లేడు, అది అగ్రహారం నుంచి వచ్చింది. మా జట్టులో ఓ భాగవతులవారబ్బాయి తెల్లారకముందే అడుగులు వేసి, బడికొచ్చి, మధ్యాహ్నం కాలవలో తుపాకి పట్టేవాడు. ఊరి మగపిల్లలు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరాలని భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి అగ్రహారం కుటుంబాల చేత మాట పుచ్చుకున్నాడని పెద్దలు చెబుతారు. మూడు వందల ఏళ్ల నాటి మాట. దాన్ని పట్టుకుని మీసాలొచ్చిన మగవాళ్లు జడ వేసుకుని గజ్జె కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి భామని చూసినవాళ్లు ఇంటికెళ్లి భార్యల నడకకి వంకలు పెట్టేవాళ్లని మా ఊళ్లో వేళాకోళం.

భామాకలాపంలో సత్యభామ రావడమే తెర వెనకనుంచి. ముందు తెర మీదుగా జడ వచ్చి పడుతుంది. పొడుగాటి జడ, రాగిడి, జడబిళ్లలు, కుచ్చులు, అన్నీ పెట్రోమాక్సు వెలుతురులో మెరుస్తూ. అందం కోసమని నేననుకునేవాణ్ణి. కాదట, సవాలట. నన్ను విద్యలో ఓడించగలవాడు ఈ సభలో ఉంటే ముందుకి రావచ్చు, ఓడితే ఈ జడ కోసిచ్చేస్తానని దానర్థం. ముందు సవాలు చెబుతుంది, ఎదుటివాడికి వ్యవధి ఇస్తుంది, పందెంగా తన పరువునే పెడుతుంది. ఆ తరవాతే తెర దిగుతుంది. మా భాగవతులవాడు కాలవలో అదే పట్టుబట్టాడు. “చెప్పకుండా కాల్చేవాడు వీరుడేంట్రా, దొంగ. ముందు జడ వెయ్యి, తరవాత కాల్చు” అనేవాడు. అప్పట్నించి మా ఆటలో ‘జడేశా!’ అని అరిస్తేనే తుపాకి తియ్యాలి. బికనేరులోనూ అరిజోనాలోనూ ఏ కౌబాయ్‌కీ ఈ భాగ్యం లేదు.

అసలు భాగవతుల పాత కథ ఒకటుంది, అది అచ్చంగా కౌబాయ్ సినిమాకి పనికొస్తుంది. మాచుపల్లి కైఫీయతు అనే పాత ఊరిచరిత్రలో ఉంది. 16వ శతాబ్ది మొదట్లో సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సమ్మెట గురవరాజు పన్ను బకాయిల కోసం ఆడవాళ్లని చిత్రహింసలు పెడుతుంటే ఓ భాగవతుల మేళం ఆ ఊరికి వచ్చి కళ్లారా చూసింది. ఎదిరించడానికి చేతిలో కర్ర కూడా లేదు. మూట కట్టుకుని సరాసరి విజయనగరం పోయి, వీరనరసింహరాయల ముందు ఆ గురవరాజు వేషమే కట్టి, చూసింది చూసినట్టు ఆడారు. రాయలు సైన్యాన్ని పంపి వాణ్ణి పట్టించి చంపించాడు. ఎక్కణ్ణించో వచ్చిన కొత్తవాళ్లు, అన్యాయం చూసి ఊరుకోలేకపోవడం, పని కాగానే ఎటో వెళ్లిపోవడం. గుర్రాలొక్కటే తక్కువ. దీన్ని ఎవరూ సినిమా తియ్యలేదెందుకో.

ఇక గొల్లకలాపం. భాగవతుల రామయ్య గారు రాసింది. చల్ల అమ్ముకునే గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలదీస్తుంది. బ్రాహ్మణ్యం పుట్టుకతోనా, తెలివిడితోనా అని మొదలుపెట్టి, పిండం పడిన దగ్గర్నుంచి యజ్ఞందాకా వేదాంతమంతా విప్పుతుంది. అగ్రహారంలో, బ్రాహ్మణులే ఆడి, బ్రాహ్మణులే ముందు వరసలో కూచుని చూసే ఆట అది. ఓ రాత్రి రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర దాన్ని ఆడినప్పుడు జనంలో అంచున మందతాత కూడా ఉన్నాడు, మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని. ఎలా ఉంది తాతా అని మర్నాడు అడిగాను. “పిల్ల బాగానే అడిగింది బాబూ. కానీ చల్లకుండ దింపి అంతసేపు మాట్టాడితే పులిసిపోదా? అమ్మకం ఎప్పుడవుద్ది?” అన్నాడు.

ఆ మనవడికి మా ఆటలో వేషం లేదు. వాడు గట్టు మీద ఉండేవాడు, మంద దిగుతుంటే ‘వస్తున్నాయ్!’ అని అరవడం వాడి పని. పశువుల్ని తోలడం తెలిసినవాడు జట్టులో వాడొక్కడే. అమెరికాలో మాత్రం? 1860ల తరవాత టెక్సాస్ నుంచి మందల్ని తోలుకుపోయిన కౌబాయ్‌లలో నలుగురికి ఒకరు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. మెక్సికో వాళ్లు సరేసరి. జీను మీద బతుకంతా గడిపి కొద్దిపాటి జీతం పుచ్చుకున్నవాళ్లు. వెండితెర మీదికి వచ్చేసరికి వాళ్లూ గట్టు మీదే ఉండిపోయారు.

మందతాత వాళ్ల బజారులో వేరే కథ ఆడేది. కొమ్మువాళ్లు వచ్చి, బొమ్మల పటం కట్టి, వీరణాలు మోగిస్తూ కొమ్ము ఊదుతూ కాటమరాజు కథ రాత్రుళ్లు చెప్పేవాళ్లు. కరువొచ్చి కాటమరాజు ఆలమందల్ని నెల్లూరు సీమకి తోలుకుపోవడం, మేపుకి పుల్లరి కడతామని నల్లసిద్ధి రాజుతో ఒప్పందం, రాజువైపు వాళ్లు ఆవుల్ని చంపేసరికి ఒప్పందం మీరు తప్పారు గనక పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తెగేసి చెప్పడం, పాలేటి ఒడ్డున యుద్ధం. 13వ శతాబ్దం నాటి సంగతి. రాజు సైన్యాధిపతి ఖడ్గతిక్కన యుద్ధం నుంచి తిరిగొస్తే భార్య పసుపుముద్ద పెట్టి, మంచం అడ్డం వేసి ఆడవాళ్లకి పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెట్టిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ, ఆయన మళ్లీ వెళ్లి యుద్ధంలోనే పడిపోయాడనీ చెబుతుంటే పటం ముందు కూచున్న ఆడవాళ్లు ఏడ్చేవాళ్లు. తిక్కన వాళ్ల శత్రువు! కథ గొల్లవాళ్లది, కన్నీళ్లు ఎదుటివాడి కోసం. నాగన్న కోసం మేం ఎవరం ఏడవలేదు. నాకు ఆ రాత్రి నిద్రమత్తులో అర్థమైంది కొంచెమే. తిక్కనని పొడిచిన ఘట్టం వచ్చినప్పుడు కొమ్ము ఊదేవాడు పటం మీది ఆయన బొమ్మకి దణ్ణం పెట్టడం మాత్రం గుర్తు.

1977 నవంబరు 19న ఉప్పెన. సముద్రం దివిసీమని మింగింది, మా ఊరిదాకా రాలేదు. మాకు గాలీ వానే. ఆ గాలికే కొట్టాలు లేచిపోయాయి. చీకట్లో ఎవడో మా దొడ్లో తిరుగుతున్నాడని నాన్న లాంతరు పట్టుకెళ్తే మందతాత. కత్తితో పలుపులు కోస్తున్నాడు. “విప్పితే ఆలస్యమండి, ముడి తడిసి బిగిసిపోయింది. కట్టేసి ఉంటే చస్తాయి, వదిలేస్తే బతుకుతాయి” అన్నాడు. పలుపుకి డబ్బులిస్తానని కూడా అన్నాడు. ఇల్లిల్లూ తిరిగి, తను కాసే గేదెలన్నిటి పలుపులూ అలాగే కోసి, ఆఖరున తన గుడిసెకి పోయేసరికి కప్పు లేదు. మర్నాడు గేదెలు రోడ్డు మెరక మీద, గుడి దగ్గర గుంపుగా నిలబడి ఉన్నాయి. దివిసీమలో కట్టుకొయ్యల దగ్గరే ఎన్ని చచ్చాయో తరవాతి వారాల్లో పేపర్లలో ఫోటోలు వచ్చాయి. పదివేల మంది మనుషులు పోయిన చోట పశువుల లెక్క ఎవరు అడుగుతారు? ఆయన అడిగేవాడు. దివిసీమ నుంచి ఎవరొచ్చినా, మనుషుల తరవాత, గొడ్లెన్ని మిగిలాయని.

జేమ్స్ ఓవెన్ అని, వాల్‌స్ట్రీట్‌లో ఏళ్లతరబడి పనిచేసినాయన 2004లో కౌబాయ్ నీతి మీద పుస్తకం రాశాడు. అందులోని పది సూత్రాల్నే అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం 2010లో శాసనసభలో పెట్టి అధికారికంగా తీసుకుంది. మాట ఇస్తే నిలబెట్టుకో, మొదలెట్టింది ముగించు, తక్కువ మాట్లాడు, కొన్ని అమ్మకానికి కావని గుర్తుంచుకో. మంచివే, కాదనను. అయితే షేర్ల వ్యాపారం నుంచి వచ్చినాయన చెబితేగానీ పశువుల రాష్ట్రానికి గుర్తు రాలేదంటే, శాసనసభ దాకా పోయి రాసుకోవలసి వచ్చిందంటే, అక్కడ మందలు తోలేవాళ్లు ఎందరు మిగిలారా అని అనుమానం వస్తుంది.

మా ఊళ్లోనూ మంద లేదు. గేదెలు ఎవరింటి షెడ్డులో వాళ్లవి, మేత అక్కడికే వస్తుంది. కాలవగట్టు సిమెంటు రోడ్డయింది. 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, ‘మోసగాళ్లకు మోసగాడు’ని 4కెలో మళ్లీ వదిలారు. నేను బెజవాడలో మా మనవడితో చూశాను. గీతల్లేకుండా ఆ బొమ్మ చూడ్డం నాకదే మొదలు. ఆ తరవాత ఊరెళ్తే మందతాత మనవడు పాలకేంద్రం దగ్గర కనిపించాడు. వాడికిప్పుడు సొంతంగా ముర్రా గేదెలున్నాయి, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. సినిమా మళ్లీ వచ్చింది చూశావా అన్నాను.

“అప్పుడే చూశానండి, పామర్రులో. నేల టిక్కెట్టు. ఇప్పుడు పిల్లోడు సెల్లులో పెట్టి చూపించాడు.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది. అప్పుడూ ఇదే అనుకున్నా, ఇప్పుడూ ఇదే అనుకున్నా. అన్నేసి గుర్రాల్ని ఎండలో పడి తోలారు గదండీ, వాటికి నీళ్లెవరు పెట్టారు?”

“సినిమాలో అవన్నీ చూపించరు లేవయ్యా.”

“చూపిస్తే మాకూ ఓ వేషం ఉండేదిగా” అని నవ్వాడు. అంతలో వాడి క్యాను వంతు వచ్చింది. నిన్న వెన్న శాతం తక్కువ పడిందట. మిషను దగ్గరున్న కుర్రాడితో తగువు పెట్టుకోడానికి లేచి వెళ్లాడు.